మిషన్లో పెట్టని నీళ్ళు

పదిహేడేళ్ళుగా నా పని కంటికి కనబడని వెలుగుతోనే. గడ్డపోతారం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబు మాది. తయారైన మందు పొడి డ్రమ్ముల్లోకి ఎక్కే ముందు అందులోంచి చిటికెడు మా దగ్గరికి వస్తుంది. దాన్ని కరిగించి, బొటనవేలంత గాజు డబ్బీలో పోసి, మిషన్లో పెట్టి, దాని గుండా అతినీలలోహిత కాంతిని పంపిస్తాం. ఆ కాంతిలో మందు ఎంత మింగిందో మిషన్ గీత గీసి చూపిస్తుంది. ఇంకో మిషన్ది పరారుణ కాంతి. ఆ గీతలు చదివి, ఇది అసలు మందేనా, ఉండకూడనిదేమైనా ఇందులో కలిసిందా అని రాసి సంతకం పెడతాం. పొడి మల్లెపువ్వులా తెల్లగా ఉన్నా సరే, కంటితో చూసి బాగుందని ఎవడైనా రాస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. చేరిన మొదటి వారంలోనే మా పెద్దసారు ఈ మాట చెప్పాడు.

ఆకాశాన్ని చదివేవాళ్ళదీ ఇదే పని అని ఎమ్మెస్సీ రోజుల్లో తెలిసింది. సూర్యుడిలో ఏమేం ఉన్నాయో ఎవరూ పోయి గిన్నెలో పట్టుకు రాలేదు. అక్కణ్ణుంచి వచ్చిన వెలుగును విడగొట్టి, ఎక్కడెక్కడ తరుగుందో చూసి చెప్పారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అటువైపు పోవాలనుకున్నాను, పోలేదు. పోలేకపోవడానికి కారణాలు అందరికీ ఉండేవే, వాటిని ఏకరువు పెట్టను. ఉద్యోగం దొరికింది, చేరిపోయాను. పిచ్చి మాత్రం వదల్లేదు. పోతిరెడ్డిపల్లిలో మేముండే అపార్ట్‌మెంటులో లిఫ్టు దగ్గర నేను నిలబడితే పిల్లలు మెట్లెక్కి పోయేవాళ్ళు, దొరికితే బ్లాక్ హోల్ గురించి చెప్తానని భయం. మా ఆవిడ ఇంకా సూటి. ఈయనకు పాలపుంతలో ఏం జరుగుతుందో తెలుసు గాని వంటింట్లో పాలు పొంగింది తెలవదు అనేది.

ఇక మా అక్క గురించి చెప్పాలి. అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. మరుసటేడు అక్కకు పెళ్ళయి జిన్నారం వైపు ఊరికి పోతుంటే నన్ను కూడా వెంట తీసుకుపోయింది. కొత్త కోడలు అత్తగారింటికి పెట్టెతోపాటు తమ్ముణ్ణి కూడా తెచ్చిందని ఆ ఊళ్ళో చాలాకాలం చెప్పుకుని నవ్వారట. బావ మంచివాడు, ఏమీ అనలేదు. పదో తరగతి పాసయ్యేదాకా ఆ ఇంట్లోనే తిన్నాను, ఆ ఇంటి బోరు నీళ్ళే తాగాను. అక్క చదివింది మూడో తరగతి. నాకు లెక్కలు రాకపోతే పక్కన కూర్చుని, తనకు అర్థం కాకపోయినా, నేను మళ్ళీ మళ్ళీ గట్టిగా చదివేదాకా లేచేది కాదు. ఇప్పుడు నేను ల్యాబు కోటు వేసుకుని సంతకం పెట్టే మనిషినయ్యానంటే, అది ఆమె కూర్చున్న కూర్చోవడమే.

నాలుగేళ్ళ కింద ఎండాకాలంలో వాళ్ళ ఊరి చర్చిలో పిల్లలకు సెలవుల బడి పెట్టారు. సృష్టి గురించి పాఠాలు జరుగుతున్నాయి, మీ తమ్ముణ్ణి ఒక పూట వచ్చి చుక్కల సంగతి చెప్పమనమని పాస్టరయ్య అక్కతో కబురు పెట్టాడు. నన్ను పిలిచి మాట్లాడమన్నవాళ్ళు జీవితంలో వాళ్ళొక్కరే. ఆదివారం పొద్దున్నే లాప్‌టాపూ, ఇంట్లో టీవీ రిమోటూ బ్యాగులో పెట్టుకుని బండి మీద బయల్దేరాను. రిమోటు పోయిందని ఇంట్లో మధ్యాహ్నం దాకా వెతికారు.

చర్చి రేకుల కింద యాభై మంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. వెలుగు అలలుగా వస్తుందని మొదలుపెట్టాను. అల పొడుగు మారితే వెలుగు జాతి మారుతుంది. అన్నిటికంటే పొడుగు అలలు రేడియోవి, తర్వాత పరారుణం, మధ్యలో మన కన్ను చూడగలిగిన సన్నటి పీలిక, ఆ పైన అతినీలలోహితం, ఎక్స్‌రేలు, గామా కిరణాలు. మొత్తం వెలుగు ఈ చర్చి గోడంత పొడుగనుకుంటే మన కన్ను చూసేది గోడకు కొట్టిన మేకంత కూడా కాదని చెప్పాను. తర్వాత మన పాలపుంత ఫొటోలు వరసగా చూపించాను. మామూలు వెలుగులో తీసినదాంట్లో నడిమధ్యన నల్లటి మరకలున్నాయి. చాలామంది అక్కడేమీ లేదనుకుంటారు. అది ధూళి. పరారుణంలో తీసిన ఫొటో పెట్టగానే ఆ మరకలు మాయమై, వాటి వెనక కిక్కిరిసిన నక్షత్రాలు బయటపడ్డాయి. పిల్లలు ఓ అన్నారు. రేడియోలో చూస్తే ఇంకా నక్షత్రాలు కాని చల్లటి వాయువు మేఘాలు. ఎక్స్‌రేలో చూస్తే ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాల వేడి శిథిలాలు.

ఒక ఆడపిల్ల లేచి, ఈ రంగులు నిజమైనవేనా అని అడిగింది. కావన్నాను. కంటికి కనబడని వెలుగుకు రంగుండదు, మనం చూడ్డానికి వీలుగా శాస్త్రవేత్తలే రంగులు వేస్తారు. మరి వాటిని ఎలా పట్టుకుంటారంటే, రేడియో అలలకు పగలూ రాత్రీ, మబ్బూ ఎండా తేడా లేదు, నేల మీద పెద్ద పెద్ద గొడుగుల్లాంటివి పెట్టి పట్టుకుంటారు. పరారుణాన్ని గాలిలో తడి మింగేస్తుంది కాబట్టి లడాఖ్ లాంటి ఎత్తైన, పొడిగా ఉండే చోట్లకు పోతారు. ఎక్స్‌రేలు అసలు నేల దాకా రావు, దూరదర్శినిని ఉపగ్రహంలో పెట్టి పైకి పంపాలి. ఒక్కో వెలుగుకు ఒక్కో కష్టం. అంత కష్టమెందుకంటే, ఒక్క వెలుగులో చూసి ఇంతే అనుకున్నవాడు ప్రతిసారీ తప్పులో కాలేశాడు కాబట్టి. ఈ మాట నేను చాలా గర్వంగా చెప్పాను. పాస్టరయ్య తల ఊపడం కూడా గుర్తుంది.

చివర్లో రిమోటు తీశాను. బటన్ నొక్కి, వెలుగు కనబడుతోందా అన్నాను. లేదన్నారు. ఫోను ముందు కెమెరా తెరిచి దాని ఎదుట నొక్కితే రిమోటు మూతి దగ్గర ఊదారంగు చుక్క టుకుటుకుమని మెరిసింది. పిల్లలు వరస కట్టారు. వాళ్ళందరి వెనక అక్క నిలబడి ఉంది. పిల్లలకు ఉప్మా వండి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తన వంతు రాగానే రిమోటును ముందు కంటి దగ్గర పెట్టుకుని నొక్కింది, తర్వాత ఫోను దగ్గర పెట్టి నొక్కింది. మళ్ళీ కంటి దగ్గర. మళ్ళీ ఫోను దగ్గర. నవ్వలేదు. పిల్లలు గోల చేస్తేగాని ఇవ్వలేదు.

నేను బ్యాగు సర్దుకుని బండి దగ్గరికి వచ్చేసరికి అక్క ఇంటికి పోయి తిరిగొచ్చింది. చేతిలో కూల్‌డ్రింకు సీసా నిండా నీళ్ళు.

"కంటికి కనబడనిది మస్తుంటదంటివి గదరా. మా బోరు నీళ్ళు ఒక్కపారి నీ మిషన్ల పెట్టి సూడు. వాన పడ్డంక జెర అదో తీరు వాసనొస్తున్నయి. బాగ లేవంటే చెప్పు, ఇగ క్యాన్లు తెప్పిచ్చుకుంటం."

గంటన్నర మాట్లాడితే నా మాట అర్థమైంది ఒక్క మనిషికి. ఆ మనిషి చదివింది మూడో తరగతి. అర్థం కానివాణ్ణి నేను. ఎందుకంటే నేనేం చేశానో తెలుసా, ఆ సీసా తీసుకుని ఎండకు ఎత్తిపట్టి చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. తేటగానే ఉన్నయి గదక్కా అన్నాను కూడా. ఆమె నన్నొకసారి చూసి, సూడు మరి మిషన్ల, అని మళ్ళీ చెప్పి పోయింది.

ఇక్కడ మా ల్యాబు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను వట్టి సోమరినని అనుకుంటారు. సోమరినే, కాని అది ఒక్కటే కాదు. మా మిషన్లకు మరుపు లేదు. ఎవరు, ఎప్పుడు, ఏం పెట్టారో ప్రతిదీ కంప్యూటర్లో పడుతుంది, తుడిచేయడానికి మాకు వీలుండదు. బయటి నుంచి తెచ్చినదేదీ పెట్టకూడదు. లిస్టులో లేని శాంపిలు పెట్టినందుకు నాతో పనిచేసిన ఒకతన్ని ఆడిట్‌కొచ్చినవాళ్ళు పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నమే అతని మెడలో కార్డు తీసుకుని గేటు దాకా నడిపించారు. అతను టిఫిన్ డబ్బా కూడా ల్యాబులోనే వదిలిపోయాడు. చుక్క నీటిలో ఏముందో చెప్పగలిగే మిషన్ల ముందు రోజుకు పది గంటలు నిలబడతాను, సొంత అక్క నీళ్ళు అందులో పెట్టలేను. ఇది మా ఫ్యాక్టరీల బెల్టులో ల్యాబువాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఫ్యాక్టరీలు వదిలింది ఇంకే మా ఊళ్ళ నీళ్ళను మా మిషన్లు ఎన్నడూ చూడవు.

కాని పటాన్‌చెరులో బయటి ల్యాబులున్నాయి. శుభ్రమైన సీసాలో పట్టి, అర్ధపూట సెలవు పెట్టి, పోయి ఇచ్చి రావడమే. రేపు పోదామనుకున్నాను. ఆ వారం ఆడిట్ ఉంది. తర్వాతి వారం మా బాబుకు జ్వరం. అక్క సీసా బండి సంచిలోనే ఎండకు కాగుతూ ఉంది. మూడు వారాలు ఎండలో ఉన్న నీళ్ళను పరీక్ష చేసినా ఆ ఫలితానికి విలువ ఉండదని నాకు బాగా తెలుసు, అది నా వృత్తి. మళ్ళీ కొత్తగా పట్టుకు రావాలి. అంటే అక్కకు ఇంతవరకూ చూడలేదని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

అక్కే ఫోన్ చేసింది. కోడలు నెల తప్పిందని సంతోషంగా చెప్పి, ఆ తర్వాత, నీళ్ళు సూసినవా అంది.

"పెట్టిన అక్కా. ఏం లేదు. మంచిగనే ఉన్నయి."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం. ఆమె దేవునికి స్తోత్రం అని ఫోన్ పెట్టేసింది. నేను కిందికి పోయి, సీసాలో నీళ్ళు అపార్ట్‌మెంటు గోడ పక్కన మందార చెట్టు మొదట్లో పోసి, సీసా చెత్తడబ్బాలో వేశాను. తర్వాత కొన్నాళ్ళకు ఆ ఊరు పోతే, ఆ బోరు నీళ్ళే తాగే వాడకట్టంతా నాకు మర్యాద చేశారు. మా నీళ్ళు మిషన్ల పెట్టి సూసిన సారు అని ఒకావిడ తన కొడుక్కి చూపించింది. క్యాన్లు తెప్పించుకునే రెండిళ్ళవాళ్ళు మానేశారట. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు.

పోయినేడు ఎండాకాలం మొదట్లో అక్క పాదాలు వాచాయి. ముందు నడక వల్ల అనుకున్నారు. తర్వాత ముఖం వాచింది. సంగారెడ్డిలో చూపిస్తే రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయన్నారు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్. మంగళవారం బావ తీసుకొస్తాడు, శనివారం నేను.

డాక్టరును ఒంటరిగా పట్టుకుని, నీళ్ళ వల్ల కావచ్చా అని అడిగాను. కావచ్చు, బీపీ వల్ల కావచ్చు, ఒళ్ళునొప్పులకు మింగిన గోళీల వల్ల కావచ్చు, ఇప్పుడు చెప్పడం కష్టమన్నాడు. నేను వదల్లేదు, వెనకబడి మళ్ళీ అడిగాను. ఆయన నా వైపు చూసి, మీరేం చేస్తారు అన్నాడు. ల్యాబులో పనిచేస్తానని చెప్పలేకపోయాను. ప్రైవేటు ఉద్యోగమన్నాను.

ఆ బోరు కూడా ఇప్పుడు లేదు. నీళ్ళు అడుగంటి ఎండిపోతే పోయినేడే మూసేసి ఇంకో మూల ఇంకా లోతుగా వేశారు. ఆ కొత్త బోరు నీళ్ళు పట్టి పటాన్‌చెరు తీసుకుపోయి ఇచ్చాను. అర్ధపూట పట్టింది. నాలుగేళ్ళు వాయిదా వేసిన పని, సరిగ్గా అర్ధపూట. తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. ఇప్పుడు వాళ్ళింట్లో క్యాన్లే. కాని ఇవి కొత్త నీళ్ళు. పాత నీళ్ళలో ఏముండేదో ఈ కాగితం చెప్పదు. ఎక్కడో వందల ఏళ్ళ కింద పేలిన నక్షత్రంలో ఏయే లోహాలుండేవో ఇవాళ కూడా ఎక్స్‌రేల్లో చూసి చెప్పగలరు. దాని వెలుగు ఇంకా వస్తూనే ఉంటుంది కాబట్టి. నాలుగేళ్ళ కింద అక్క ఇంటి బోరులో ఏముండేదో ఇక ఎవరూ చెప్పలేరు. చూడవలసిన రోజున చూడవలసినవాడు చూడలేదు.

అప్పటినుంచి ఆకాశం ఫొటోలు చూడడం మానేశాను. లాప్‌టాపులోంచి అన్నీ తీసేశాను. మొన్న లిఫ్టులో ఒక పిల్లవాడు తనంతట తానే, అంకుల్, కొత్త టెలిస్కోపు పరారుణంలో ఎందుకు చూస్తుందని అడిగాడు. ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఇలాంటి ప్రశ్న కోసం. నాకు తెలవదు బాబూ అన్నాను. వాడు మూడో అంతస్తులో దిగిపోయాడు.

అక్కకు చెప్పేయాలని ఎప్పుడు అనిపించిందో గాని, అనిపించాక ఆగలేకపోయాను. ఒక శనివారం పొద్దున ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఆమె చేతిలోంచి రక్తం గొట్టం వెంట మిషన్లోకి పోయి, తిరిగి వస్తోంది. ఆ రోజు మాతోపాటు వచ్చిన బావ బయట గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు.

"అక్కా, గా నీళ్ళు నేను మిషన్ల పెట్టలే. నీకు అబద్ధం చెప్పిన."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఆశపడ్డాను కూడా.

"కోడలు కడుపుతోని ఉన్నప్పుడు గవే నీళ్ళు తాగిచ్చిన గదరా," అంది.

తన గురించి ఒక్క మాట లేదు. పొద్దున్నే పరగడుపున రెండు చెంబులు తాగితే బిడ్డకు మంచిదని కోడలి వెంటబడి తాగించిందట. మనవడికి ఇప్పుడు మూడేళ్ళు దాటాయి, ఆడుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. ఆ మాట అంటే ఆమె వినలేదు. నువ్వు కంటితోని సూసి చెప్తున్నవా అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఆమెకు ఎవరో ఒకరు గుర్తొస్తున్నారు. ఎండన పడి వచ్చినవాళ్ళకు అడక్కముందే నీళ్ళివ్వడం ఆమెకు అలవాటు. పోస్టు తెచ్చిన మనిషికి ఇచ్చింది. పక్క గదిలో కిరాయికుండే బిహారు కూలీలు షిఫ్టుకు పోతూ ఆమె నల్లా దగ్గరే సీసాలు నింపుకునేవాళ్ళు, పోసుకోండి బిడ్డా అని ఆమే పిలిచేది. ఎదురింటి ముసలమ్మకు మంచం దగ్గరికి పోయి తాగించింది. నేను చుక్కల గురించి చెప్పిన రోజు ఉప్మా తిన్న యాభై మంది పిల్లలకూ ఆ బోరు నీళ్ళే బిందెలతో మోసింది. ఒక్కొక్కరినీ తలచుకుని, వాళ్ళకెట్లున్నదో కనుక్కో అంటుంది. కొందరిని కనుక్కున్నాను. కూలీలు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఉన్నవాళ్ళు బాగానే ఉన్నామంటున్నారు. బాగానే ఉన్నారని నేను ఆమెకు చెప్తే, ఆమె నా ముఖంలోకి చూస్తుంది. నా మాట ఇక ఆమె దగ్గర చెల్లదు.

చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాను. నా గుండె తేలిక కాలేదు, ఆమె గుండె బరువెక్కింది. అంతకుముందు ఆమెకు జబ్బు ఒక్కటే ఉండేది. నేను నా కోసం నోరు తెరిచి, ఆమెకు మిగిలి ఉన్న నిమ్మళాన్ని కూడా తీసేసుకున్నాను. ఇది అబద్ధం చెప్పడం కంటే పెద్ద తప్పని నాకిప్పుడు అనిపిస్తుంది. ఏదైనా సరే, వెనక్కి తీసుకునే దారి లేదు.

పోయిన శనివారం డయాలసిస్ అయిపోవస్తుండగా ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకుని లేవబోయాను. కళ్ళు తెరవకుండానే అంది.

"ఒకటడుగుత చెప్పు. నువ్వు గా ఫ్యాక్టరీల చేరినకాన్నుంచి మా ఇంట్ల ఎప్పుడన్న మంచినీళ్ళు తాగినవారా?"

గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. నేను గడపలోకి రాగానే ఆమె చెంబుతో వస్తుంది. ఇప్పుడే తాగిన అక్కా, అంటాను. బండి సంచిలో నా సీసా ఎప్పుడూ ఉంటుంది. చాయ్ పెడతానంటే గ్యాసు పడుతోంది వద్దంటాను. క్రిస్మసుకు కడుపు నిండా తిని, చేతులు కడుక్కుని, బయటికి వచ్చి నా సీసా ఎత్తి తాగుతాను. ఒక్కసారైనా తాగి ఉంటానని ఏళ్ళన్నీ తిరగేశాను. ఏ డ్రమ్ములో ఏముంటుందో, ఏ వాసన దేనిదో తెలిసినవాణ్ణి. తాగొద్దని నాకు నేను ఎప్పుడూ చెప్పుకోలేదు. ఎవరూ చెప్పకుండానే పదిహేడేళ్ళు తాగలేదు.

ఆమె ఎదురుచూస్తోంది. ఈసారి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"లేదక్కా," అన్నాను.

ఆమె తల ఊపింది. కాసేపటికి నర్సు వచ్చి సూదులు తీసి, దూది అదిమి పట్టుకోమని నాకు చెప్పింది. నేను పట్టుకోబోతే అక్క నా చెయ్యి పక్కకు జరిపి, తనే అదిమి పట్టుకుంది.